క్యాన్సర్ చికిత్స ముగిశాక మనసులోది కాగితం మీద పెట్టడం ఎలా?

చివరి కీమో అయిపోయింది. రేడియేషన్ కూడా పూర్తయింది. "ఇక మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి చాలు" అన్నారు డాక్టర్. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. మీకు మాత్రం అప్పటిదాకా లేని గుబులు మొదలైంది. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. ఎక్కడ కాస్త నొప్పిగా ఉన్నా చెయ్యి అక్కడికే పోతుంది. చికిత్స జరిగినన్నాళ్ళూ రాని ఏడుపు ఇప్పుడెందుకొస్తోందో అర్థం కాదు.

ఇది చాలామందికి జరిగేదే. చికిత్స నడుస్తున్నప్పుడు ప్రతిరోజూ ఏదో ఒక పని ఉంటుంది. రక్తపరీక్ష, సెలైన్, మాత్రలు, తర్వాతి అపాయింట్‌మెంట్. కూర్చుని బాధపడే తీరిక కూడా దొరకదు. ఆ హడావుడి తగ్గాక, అన్నాళ్ళూ పక్కన పెట్టిన భయం, కోపం, దుఃఖం అన్నీ ఒక్కసారే వచ్చి పడతాయి. సరిగ్గా అప్పుడే చుట్టూ ఉన్నవాళ్ళు "అయిపోయిందిగా, ఇంకా దాని గురించే ఎందుకు?" అంటారు. వాళ్ళూ అలసిపోయారు, మంచి మాటే వినాలనుకుంటారు. దాంతో మీరు నవ్వి ఊరుకుంటారు.

అలా ఊరుకున్న మాటలకు కాగితం మీద చోటివ్వడం ఎలాగో చెబుతాను. మొత్తం నాలుగుసార్లు కూర్చోవాలి. కూర్చున్నప్పుడల్లా 15 నుంచి 20 నిమిషాలు. అంతే. జీవితాంతం రాయాల్సిన డైరీ కాదిది. చక్కగా రాయడం రానక్కర్లేదు, అక్షరదోషాలు వచ్చినా ఫర్వాలేదు. నిజం చెప్పాలంటే, అందంగా రాయగలిగినవాళ్ళకే ఇది కొంచెం కష్టం. వాళ్ళ దృష్టి వాక్యం మీదికి పోతుంది.

ఏం ఆశించవచ్చు, ఏం ఆశించకూడదు

ఈ పద్ధతి 1986లో మొదలైంది. అమెరికాలో జేమ్స్ పెనెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, శాండ్రా బీల్ అనే మరో పరిశోధకురాలితో కలిసి కాలేజీ విద్యార్థుల చేత వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు రాయించారు. కొందరు మామూలు విషయాలు రాశారు. కొందరు తమను బాగా కుదిపేసిన సంఘటన గురించి రాశారు. సంఘటనతో పాటు దాని గురించి తమకేమనిపించిందో కూడా రాసినవాళ్ళు ఆ తర్వాతి ఆరు నెలల్లో హెల్త్ సెంటర్‌కి తక్కువసార్లు వెళ్ళారు. జరిగింది మాత్రమే రాసినా, బాధ మాత్రమే వెళ్ళగక్కినా అంత ఫలితం రాలేదు. రెండూ కలవాలి. ఈ ఒక్కటి గుర్తుంచుకుంటే కింద చెప్పేవి చాలావరకు వాటంతట అవే అర్థమవుతాయి.

తర్వాత క్యాన్సర్ వచ్చినవాళ్ళతోనూ ప్రయత్నించారు. 2002లో అన్నెట్ స్టాంటన్ బృందం, తొలిదశ రొమ్ము క్యాన్సర్‌కి చికిత్స పూర్తయిన 60 మంది మహిళల చేత మూడు వారాల్లో నాలుగుసార్లు రాయించింది. మూడు నెలల తర్వాత చూస్తే, లోతైన భావాలు రాసినవాళ్ళు శారీరక బాధలు తక్కువగా ఉన్నాయని చెప్పారు. 2014లో మూత్రపిండాల క్యాన్సర్ ఉన్న 277 మందితో చేసిన అధ్యయనంలో, పది రోజుల వ్యవధిలో నాలుగుసార్లు రాసినవాళ్ళకు పది నెలల తర్వాత లక్షణాలు కొంత తగ్గి, పనులు చేసుకునే శక్తి కొంత మెరుగుపడింది.

అన్ని అధ్యయనాల్లోనూ ఇలాగే వచ్చిందా అంటే, లేదు. క్యాన్సర్ రోగులతో చేసిన 16 ట్రయల్స్‌ని కలిపి 2015లో విశ్లేషిస్తే, సగటున చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే కొందరికి పనిచేస్తుంది, కొందరికి చేయదు. మీకు ఎలా ఉంటుందో తెలియాలంటే నాలుగుసార్లు కూర్చుని చూడాల్సిందే. ఖర్చు లేనిది కాబట్టి ప్రయత్నిస్తే పోయేదేమీ లేదు. కానీ రాయడం వల్ల క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉంటుందని, ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మనసులో పెట్టుకోవడం వల్లే జబ్బు వచ్చిందనే మాట అసలు చెవిన పెట్టకండి. రోగి మీదే తప్పు తోసేసే మాట అది.

ఎప్పుడు మొదలుపెట్టాలి

జబ్బు బయటపడిన వారంలోనో, ఆపరేషన్ అయిన మర్నాడో మొదలుపెట్టొద్దు. అప్పుడు మనసుకి నిలబడటమే ఎక్కువ. కొన్ని వారాలు గడవనివ్వండి. ఏదో ఒక సంగతి గురించి అవసరానికి మించి ఆలోచిస్తున్నానని మీకే అనిపిస్తే, స్నానం చేస్తున్నా బండి నడుపుతున్నా అదే బుర్రలో తిరుగుతుంటే, అప్పుడు సమయం వచ్చినట్టు. ఏళ్ళు గడిచాక మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాదు.

రెండు వారాలకు మించి రోజంతా దిగులుగా ఉండి, తిండీ నిద్రా దెబ్బతిని, ఇదివరకు ఇష్టమైనవి కూడా ఇష్టం లేకుండా పోతే ముందు డాక్టర్‌కి చెప్పండి. బతకడం ఎందుకన్న ఆలోచన వస్తుంటే ఆ రోజే చెప్పండి, దగ్గరివాళ్ళకు కూడా చెప్పండి. డిప్రెషన్‌కి వైద్యం ఉంది. రాయడం దానికి ప్రత్యామ్నాయం కాదు, కౌన్సెలింగ్‌తో పాటు చేసుకోవచ్చు.

ఏర్పాట్లు

సమయం ముందే అనుకోండి. వరసగా నాలుగు రోజులైనా సరే, వారానికోసారి చొప్పున నాలుగు వారాలైనా సరే. నా ఓటు మాత్రం వరస రోజులకే. మధ్యలో వారం గ్యాప్ వస్తే మనసు తప్పించుకోవడానికి వంద సాకులు వెతుకుతుంది. పడుకునే ముందు రాయకండి, కదిలించిన ఆలోచనలతో నిద్ర చెడుతుంది. రాశాక కనీసం అరగంట ఎవరితోనూ పని లేకుండా ఉండే వేళ ఎంచుకోండి. స్కాన్ రిపోర్ట్ రావలసిన రోజున మొదటిసారి కూర్చోవద్దు.

ప్రత్యేకమైన గది ఏమీ అక్కర్లేదు. అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయ క్యాన్సర్ కేంద్రంలో, డాక్టర్ పిలుపు కోసం వెయిటింగ్ హాల్లో కూర్చున్నవాళ్ళ చేతే 20 నిమిషాలు రాయించి చూశారు. 2008లో వచ్చిన ఆ అధ్యయనంలో సుమారు సగం మంది, రాశాక జబ్బు గురించి తమ ఆలోచన మారిందని చెప్పారు. మీకు కావలసింది ఆ కాసేపు ఎవరూ భుజం మీదుగా తొంగిచూడరన్న భరోసా.

అందుకే గుట్టు సంగతి ముందే చూసుకోండి. ఎవరైనా చదువుతారేమో అన్న అనుమానం ఏ మూలనున్నా, చదివేవాళ్ళ కోసం రాయడం మొదలవుతుంది. నోట్‌బుక్ అయితే ఎక్కడ పెడతారో అనుకోండి. ఫోన్‌లో రాస్తే అది ఇంట్లో ఇంకో ట్యాబ్‌కో కంప్యూటర్‌కో సింక్ అవుతోందేమో చూడండి. చాలా ఇళ్ళలో ఒకే అకౌంట్ నలుగురు వాడుతుంటారు. మీరు భర్త మీదో కూతురి మీదో కోపం రాసుకుంటే అది వాళ్ళ స్క్రీన్ మీద తేలకూడదు కదా.

పెన్ను పట్టుకోవడం కష్టమైతే బాధపడకండి. కొన్ని కీమో మందుల వల్ల వేళ్ళ చివర తిమ్మిరి, మొద్దుబారడం చాలాకాలం ఉంటుంది. లావుపాటి పెన్ను కొంత నయం. చంకలో గ్రంథులు తీసేసిన వైపు చెయ్యి వాస్తుంటే, ఆ చేత్తో ఏకబిగిన రాయకుండా మధ్యలో ఆపి చాచుకోండి. అదీ కుదరకపోతే ఫోన్‌లో రికార్డ్ చేసుకుంటూ మాట్లాడండి. ఒంటరిగా కూర్చుని మాట్లాడటం మొదట వింతగా ఉంటుంది, రెండు నిమిషాల్లో అలవాటైపోతుంది. కీమో తర్వాత మతిమరుపు, ఏకాగ్రత లేకపోవడం వల్ల వాక్యం మధ్యలో తెగిపోతోందా? తెగనివ్వండి. కింద గీత గీసి ఇంకో వాక్యం మొదలుపెట్టండి. 20 నిమిషాలు ఓపలేకపోతే పది చాలు.

ఇక భాష. మీకు ఏ భాషలో కోపం వస్తుందో ఆ భాషలో, ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాయండి. తిట్లు వస్తే తిట్లే.

మొదటి రోజు: ఒకే ఒక్క సంఘటన

జబ్బు మొత్తం కథ మొదటినుంచీ చెప్పాలని కూర్చుంటే అది కేస్ షీట్ అయిపోతుంది. ఫలానా తేదీన బయాప్సీ, ఫలానా తేదీన ఆపరేషన్. మీరు ఈ కథ బంధువులకు ఫోన్లో వందసార్లు చెప్పి ఉంటారు, నోటికి వచ్చేసి ఉంటుంది. అది వద్దు. ఇప్పటికీ కళ్ళముందు కదిలే ఒక్క ఘడియ తీసుకోండి. రిపోర్ట్ విన్న క్షణం కావచ్చు, జుట్టు చేతికి ఊడివచ్చిన ఉదయం కావచ్చు, ఆపరేషన్ థియేటర్ తలుపు మూసుకున్నప్పుడు కావచ్చు, పిల్లలకు చెప్పిన సాయంత్రం కావచ్చు.

టైమర్ పెట్టండి. మోగేదాకా చెయ్యి ఆపకండి. వెనక్కి వెళ్ళి దిద్దకండి. ఏమీ తోచకపోతే చివరి వాక్యాన్నే మళ్ళీ రాయండి, తర్వాతిది అదే వస్తుంది. ఎక్కడున్నారు, చేతిలో ఏముంది, ఎవరేమన్నారు, అప్పుడు ఒంట్లో ఎలా అనిపించింది. పక్కనే, మనసులో ఏమనిపించింది.

మొదటి రోజు సాధారణంగా ఇలా వస్తుంది. ఉదాహరణ కోసం నేను రాసినది:

"రిపోర్ట్ వచ్చింది రమ్మని ఫోన్ వచ్చింది. చాలా భయమేసింది. నాకే ఎందుకిలా అనిపించింది. ఇంట్లో అందరూ ఏడ్చారు. నేను ధైర్యంగా ఉన్నాను. అప్పటినుంచీ ధైర్యంగానే ఉన్నాను."

ఇందులో తప్పేమీ లేదు. కానీ ఇది పైపైన ఉంది. భయం, ధైర్యం లాంటి పేర్లున్నాయి గాని వాటి లోపలేముందో కనిపించడం లేదు. మొదటి రోజుకు ఇది చాలు. ఇదే సంఘటన నాలుగో రోజుకు ఎలా మారుతుందో కింద చూద్దాం.

రెండో రోజు: ఎవరికీ చెప్పనిది

నిన్నటి కాగితం చదవకండి. ఇవాళ, జబ్బు మొదలైనప్పటినుంచీ ఏ ఒక్కరితోనూ అనని మాట ఏదో అది రాయండి.

ఎలాంటివి ఉంటాయో చెబుతాను, ఎందుకంటే చాలామంది తమకు మాత్రమే ఇలాంటి ఆలోచనలు వచ్చాయని సిగ్గుపడతారు. ఆరోగ్యంగా ఉన్న స్నేహితురాలిని చూస్తే వచ్చే అసూయ. సేవ చేసిన మనిషి మీదే చిరాకు. సిగరెట్ మానకపోవడం, గడ్డ కనిపించినా నెలల తరబడి చూపించుకోకపోవడం గురించి తనను తాను తిట్టుకోవడం. అద్దంలో తన ఒంటిని చూసుకోలేకపోవడం. భార్యాభర్తల మధ్య వచ్చిన దూరం. పక్క మంచం మనిషి చనిపోయినప్పుడు దుఃఖంతో పాటు 'నేను కాదు' అన్న ఊరట, ఆ ఊరట వచ్చినందుకు మళ్ళీ తప్పుచేసినట్టుండటం. జబ్బుగా ఉన్నప్పుడు అందరూ చూపిన శ్రద్ధ ఇప్పుడు లేదే అన్న చిన్నబుచ్చుకోవడం కూడా.

ఇవి ఎంత మామూలు ఆలోచనలో, బయటికి చెప్పుకోవడానికి అంత కష్టం. రాసేటప్పుడు తీర్పు చెప్పకండి. 'ఇలా అనుకోకూడదు గానీ' అని మొదలుపెడితే ఆ ముక్క కొట్టేసి మిగతాది రాయండి.

నాలుగింటిలోకీ ఇదే బరువైన రోజు. చెయ్యి వణకవచ్చు, కన్నీళ్ళు రావచ్చు. అది సహజమే. కానీ ఒక గీత ఉంది. గుండెదడ ఆగకపోయినా, తట్టుకోలేనేమో అనిపించినా, అక్కడే ఆపేయండి. ఆ విషయం వదిలేసి ఇంకో విషయానికి మారిపోండి, లేదా లేచి వెళ్ళిపోండి. మొండిగా పూర్తిచేయడం వల్ల ఏమీ కలిసిరాదు. పెనెబేకర్ కూడా తన సూచనల్లో ఈ నియమం పెట్టారు. ఇది మందు కోర్సు కాదు, మధ్యలో ఆపితే వికటించదు.

మూడో రోజు: దేనికి ఏది తగులుకుందో

ఇవాళ కాస్త వెనక్కి జరగండి. జబ్బు మీ జీవితంలో ఇంకా దేన్ని కదిలించింది? ఉద్యోగం, డబ్బు, పిల్లల ముందు మీ స్థానం, దేవుడి మీద నమ్మకం, ఇల్లంతా నడిపించే మనిషినన్న గర్వం. క్యాన్సర్ కంటే ముందే ఉన్న పాత నొప్పి ఏదైనా దీనితో మళ్ళీ రేగిందా? ఇదే జబ్బుతో పోయిన అమ్మో అన్నయ్యో గుర్తొస్తే వాళ్ళ గురించే రాయండి. దారి తప్పానేమోనని కంగారు పడకండి. మనసు ఎటు పోతే అటే పోవడం ఇవాళ్టి పని.

ఒక్క కిటుకు: రాస్తూ రాస్తూ 'ఎందుకంటే' అని రాసి, ఆ వాక్యం పూర్తిచేయడానికి ప్రయత్నించండి. 'ఇప్పుడు అర్థమవుతోంది' అని రాసి, తర్వాత ఏం వస్తుందో చూడండి. పెనెబేకర్ బృందం అలా రాసిన కాగితాలను కంప్యూటర్‌తో విశ్లేషించినప్పుడు, మొదటి రోజు నుంచి చివరి రోజుకు కారణాన్ని, గ్రహింపును తెలిపే మాటలు పెరిగినవాళ్ళకే ఎక్కువ మేలు కనిపించింది. మొదటి రోజే అన్నీ విడమరచి రాసేసినవాళ్ళకు కాదు, రోజులు గడిచేకొద్దీ విడమరచుకున్నవాళ్ళకు.

ఎవరికైనా ఉత్తరంలా రాయాలనిపిస్తే రాయండి. సరిగ్గా పట్టించుకోని బంధువుకి, కసురుకున్న నర్సుకి, పాత ఒంటికి, చివరికి క్యాన్సర్‌కే. పంపకూడదు, అదొక్కటే షరతు. రాసిన వేడిలో పంపిన ఉత్తరాలతో అనవసరంగా చుట్టరికాలు చెడతాయి.

నాలుగో రోజు: మళ్ళీ అదే సంఘటన

మొదటి రోజు సంఘటననే మళ్ళీ రాయండి, పాతది చూడకుండా. పైన ఇచ్చిన ఉదాహరణ నాలుగో రోజుకు ఇలా మారవచ్చు:

"ఫోన్ వచ్చేసరికి బట్టలు మడతపెడుతున్నాను. 'తోడు ఎవరినైనా తీసుకురండి' అంది అవతలి అమ్మాయి. అప్పుడే అర్థమైపోయింది. ఫోన్ పెట్టేసి, ఇంకా మిగిలిన బట్టలన్నీ మడతపెట్టాను. దుప్పటి కూడా. అంత వార్త విని దుప్పటి మడతపెట్టిన మనిషిని ఏమనాలి అని ఇన్నాళ్ళూ నా మీద నాకే అసహ్యంగా ఉండేది. ఇప్పుడు అర్థమవుతోంది. ఆ అరగంట నాకోసం దాచుకున్నాను, ఎందుకంటే చెప్పిన మరుక్షణం నుంచీ అందరినీ ఓదార్చడం నా పనే అవుతుందని తెలుసు. అలాగే అయింది కూడా. నా కోపం జబ్బు మీద అనుకున్నాను. కాదు. నేను ఏడవాల్సిన రోజున నా భుజం మీద వాళ్ళు ఏడ్చారు. వాళ్ళకూ వేరే భుజం లేదు, నిజమే. అయినా కోపమే."

'ధైర్యంగా ఉన్నాను' అన్న ఒక్క వాక్యంలో ఎంత దాగి ఉందో చూడండి. ఇందులో ఏదీ తియ్యగా మారలేదు. కోపం పోలేదు. కానీ అది దేని మీదో తేలింది. తనను తాను నిందించుకోవడం కాస్త సడలింది. నిలదొక్కుకోవడం అంటే నా దృష్టిలో ఇదే. 'అంతా మన మంచికే' అనుకోవడం మాత్రం కాదు. క్యాన్సర్ ఒక వరం అని రాయాల్సిన పని ఎవరికీ లేదు. నిజంగా అలా అనిపించినవాళ్ళుంటే సంతోషం, వాళ్ళు రాసుకోవచ్చు.

చివరి ఐదు నిమిషాలు ఇంకో విధంగా ప్రయత్నించండి. 'నేను' బదులు మీ పేరు పెట్టి, దూరం నుంచి మిమ్మల్ని చూస్తున్న మనిషిలా రాయండి. "ఆమె ఆ రోజు దుప్పటి మడతపెట్టింది." ఇలా రాస్తే తన మీద తనకు లేని జాలి, మూడో మనిషి మీద పుట్టినట్టు సులువుగా పుడుతుంది.

తలుపు తట్టినా తెరుచుకోకపోతే

కొందరికి ఆ రోజుల గురించి తలుచుకోవడమే గిట్టదు. పెన్ను తీయగానే పనులన్నీ గుర్తొస్తాయి. అలాంటివాళ్ళు వేరే ప్రశ్నతో మొదలుపెట్టడం మేలు: ఈ జబ్బు సమయంలో ఎవరు నన్ను ఆశ్చర్యపరిచారు? నాలో నాకు తెలియని ఏ ఓర్పు బయటపడింది? ఇప్పుడు దేన్ని పట్టించుకోవడం మానేశాను? పైన చెప్పిన స్టాంటన్ అధ్యయనంలోనూ, క్యాన్సర్ ఆలోచనలను తప్పించుకు తిరిగే స్వభావం ఉన్నవాళ్ళకు బాధ గురించి కంటే ఇలా మంచి గురించి రాయడమే ఎక్కువ నప్పింది. స్వభావాన్ని బట్టి దారి. ఎవరినీ బలవంతంగా ఏడిపించనక్కర్లేదు.

ఇంకో చిక్కు దీనికి ఎదురుగా ఉంటుంది. రాస్తారు, బాగా రాస్తారు, కానీ నాలుగు రోజులూ అవే వాక్యాలు. 'నాకే ఎందుకు' దగ్గరే చక్కర్లు. అది రాయడం కాదు, కుమిలిపోవడమే కాగితం మీదికి వచ్చింది. మూడో రోజుకీ మొదటి రోజుకీ తేడా లేదనిపిస్తే ఆ విషయం ఆపేసి, రాసే పద్ధతి మార్చండి. ఇంకొకరి కళ్ళతో రాయండి, లేదా ఆ మాటలన్నీ ఒక కౌన్సెలర్ దగ్గర చెప్పండి. క్యాన్సర్ రోగులతోనే పనిచేసే మానసిక నిపుణులు కొన్ని పెద్ద ఆసుపత్రుల్లో ఉంటారు, మీ డాక్టర్‌ని అడిగి చూడండి.

పెన్ను పెట్టేశాక

రాసిన వెంటనే హాయిగా ఉంటుందనుకుంటారు చాలామంది. ఉండదు. విషాదాంతమైన సినిమా చూసి బయటికొచ్చినట్టు ఒక గంటో రెండు గంటలో మనసు బరువుగా ఉంటుంది. ఇది ముందే తెలియకపోతే 'దీనివల్ల ఇంకా దిగులెక్కువైంది' అని రెండో రోజే మానేస్తారు. మేలు ఏదైనా ఉంటే అది వారాలు గడిచాక తెలుస్తుంది. నిద్ర కొంచెం కుదుటపడటం, ఆ విషయం గురించి ఎవరితోనైనా గొంతు తడబడకుండా మాట్లాడగలగడం, ఇలాంటివి.

కాబట్టి రాశాక ముఖం కడుక్కుని కాసేపు నడవండి, పాటలు వినండి, మొక్కలకు నీళ్ళు పోయండి. ఆ గంటలో ఎవరితోనూ తేల్చుకునే మాటలు పెట్టుకోకండి. జబ్బు గురించి ఇంటర్నెట్‌లో వెతకడం అసలే వద్దు. బరువు మర్నాటికీ తగ్గకపోతే ఆ రోజు రాయకండి. రెండు మూడు రోజులకూ తగ్గకపోతే ఇది మీకు ఇప్పుడు తగదని అర్థం, వదిలేయండి.

మీకు సేవ చేసినవాళ్ళకూ చెప్పుకోలేని మాటలుంటాయి. వాళ్ళు కూడా రాసుకోవచ్చు, విడిగా. ఒకరిది ఒకరు చదవమని అడగకండి.

చెకప్ దగ్గరపడినప్పుడు

నాలుగుసార్లు అయ్యాక రోజూ రాయక్కర్లేదు. కానీ ఫాలో-అప్ స్కాన్‌కి వారం ముందు మళ్ళీ టెన్షన్ మొదలవుతుంది. జబ్బు తిరగబెడుతుందేమోనన్న భయం ఏళ్ళు గడిచినా కొందరిని వదలదు. అప్పుడు ఒక కూర్చోవడం, ఒకే కాగితం.

మొదట ఆ భయాన్ని చివరిదాకా రాయండి. మన బుర్ర ఎప్పుడూ 'తిరగబెడితే?' అన్న చోటే ఆగి, మళ్ళీ మొదటికొస్తుంది. కాగితం మీద ముందుకు వెళ్ళండి. తిరగబెట్టిందనే చెప్పారనుకుందాం, ఆ సాయంత్రం మొదట ఎవరికి ఫోన్ చేస్తాను? ఆ మనిషి ఏమంటుంది? మర్నాడు డాక్టర్‌ని ఏమేం అడుగుతాను? పోయినసారి తెలియక అవస్థపడ్డ దేన్ని ఈసారి ముందే చూసుకుంటాను? భయం పోదు. కానీ అందులో మీరు చేయగల పనులు కొన్ని కనిపిస్తాయి.

తర్వాత కాగితం తిప్పి, పోయినసారి మిమ్మల్ని నిలబెట్టినవి ఏమిటో రాయండి. గొప్ప విషయాలు కాకుండా, ఉన్నవున్నట్టు చిన్నవి. రాత్రి మూడింటికి ఫోన్ ఎత్తిన చెల్లెలు, కీమో కుర్చీలో విన్న పాత పాటలు, ఏ మాత్ర వేసుకుంటే వాంతులు తగ్గాయో. ఈ వైపు కాగితాన్ని మాత్రం దాచుకోండి, ప్రతి చెకప్ ముందూ ఇదే తీసి చదువుకోవచ్చు, కొత్తవి చేర్చుకోవచ్చు.

స్కాన్ వారంలో రోజూ రాయకండి. ఒక్కసారి చాలు. రోజూ రాస్తే భయానికి హాజరు వేసినట్టే.

ఆ కాగితాలు ఏం చేయాలి

మీ ఇష్టం. కొందరు చింపేస్తారు, కొందరు కాల్చేస్తారు, కొందరు బీరువాలో అడుగున పెడతారు. రాయడంతోనే పని అయిపోయింది కాబట్టి ఉంచకపోయినా నష్టం లేదు. ఉంచుకుంటే నెల గడిచేదాకా తీయకండి. తీసినప్పుడు ఒకే ఒక్క సంగతి చూడండి: మొదటి కాగితానికీ చివరిదానికీ మీరు చెప్పిన కథలో ఏం మారింది? ఏమీ మారలేదనిపిస్తే కొన్ని నెలల తర్వాత ఇంకోసారి ప్రయత్నించవచ్చు.

ఎవరికైనా చూపించాలనిపిస్తే వారం ఆగండి. అప్పటికీ చూపించాలనే ఉంటే, ఉన్నదున్నట్టు ఇవ్వకుండా వాళ్ళకు ఏం తెలియాలనుకుంటున్నారో ఆ రెండు మాటలు నోటితో చెప్పడం మంచిది. రెండో రోజు కాగితం ఎవరి చేతికీ ఇవ్వకండి.

చింపేయాలనుకుంటే ముందు ఒకసారి తిరగేసి, మందుల పేర్లు, డోసులు, రేడియేషన్ ఎక్కడ ఎన్నిసార్లు ఇచ్చారు, ఏ మందు పడలేదు లాంటి వివరాలు అందులో రాసి ఉన్నాయేమో చూడండి. కొన్ని మందుల ప్రభావం ఏళ్ళ తర్వాత గుండె మీదో ఎముకల మీదో కనిపించవచ్చు, అప్పుడు చూసే కొత్త డాక్టర్ మొదట అడిగేది ఇవే. వాటిని వేరే కాగితం మీద రాసుకుని, ఆసుపత్రి ఫైల్లో పెట్టండి.